చాప అడిగిన హెడ్డు మామ

మంగళవారం ఉదయం మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే, రాయదుర్గం బస్సు కండక్టరు బడి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "హెడ్డు మామ పోయినాడమ్మా. తెల్లారుజామున. వాళ్లింటామె నీకు చెప్పి రమ్మనింది," అన్నాడు. బస్సు నిలబెట్టి వచ్చినానంటూ ఆ మాట మీదే వెళ్లిపోయాడు.

పిల్లలు పన్నెండో ఎక్కం మధ్యలో ఆగి నా ముఖం చూశారు. చదవమని చెప్పి నేను కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా బల్ల మీద ఆనాటి పేపరు. మొదటి పేజీ నిండా రాష్ట్ర బడ్జెట్టు. పొద్దున ఒక్కో పంక్తీ వేలు పెట్టి చదివాను. పంతులమ్మను, ఆ అలవాటు పోదు. ప్రజల భద్రత కోసం కొత్త జీపులట, వైర్‌లెస్సు సెట్లట, స్టేషన్లకు కొత్త గోడలట. మతి చెదిరినవాళ్ల మాట ఎక్కడైనా ఉందేమోనని చివరి పేజీ దాకా వెతికాను. లేదు. ఏడవాల్సిన వేళ నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని నా భయం.

ఆయన మాకు చుట్టం కాదు. మా తాలూకా ఊళ్లో పోలీసు హెడ్ కానిస్టేబులు. ముసల్మాను. ఊరంతా 'హెడ్డు' అనేది. మా నాయన చెనక్కాయల కొట్టు స్టేషనుకు సరిగ్గా ఎదురుగా ఉండటం వల్ల, రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని వరస కలిసింది. మాకు ఆయన హెడ్డు మామ, ఆయన ఇల్లాలు అత్త. పొడుగు మనిషి, కొంచెం గూని. మీసం ఉంది గానీ దాన్ని మెలేసే అలవాటు లేదు. ఎవరు ఎదురైనా మొదటి మాట "అన్నం తింటివా?" అనే. దొంగను పట్టుకొచ్చినా అదే మాట, ఇన్స్పెక్టరు దిగినా అదే మాట. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరుకు దానికి కోపం వచ్చిందని నాయన చెప్పి నవ్వేవాడు.

మా సీమలో అప్పట్లో మతి తప్పినవాళ్లకు స్టేషనే ఆసుపత్రి. ఇది నేను ఎకసెక్కానికి అనడం లేదు. పిచ్చి పట్టి వీధిన పడినవాళ్లను పోలీసులు పట్టుకొచ్చి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఆయన ఆసుపత్రికి పంపమని ఆర్డరు వేస్తాడు. ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా లాకప్పులో ఉంచాలి. మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరూ చెప్పలేరు. అందాకా దొంగలుండే గదిలోనే, దొంగలకు వేసే గొలుసుతోనే. వాన ఎగ్గొట్టిన ఏడు ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్లు. విత్తనం మాడిపోయి, ఎద్దుల్ని అమ్ముకుని, ఒక రోజు ఉన్నట్టుండి మాట మానేసిన రైతుల్ని నేనే ఇద్దరిని చూశాను. "మబ్బు మొగం సాటేస్తే నాకు సుట్టాలు ఎక్కువైతారు," అనేవాడు మామ. వాళ్లను ఆయన పిచ్చివాళ్లని ఎన్నడూ అనలేదు. 'మా చుట్టాలు' అనేవాడు. లాకప్పులోకి పోయే ముందు బూట్లు గుమ్మం బయట విప్పేవాడు, టోపీ తీసి కిటికీలో పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "బయపన్నోడే బయపెడతాడు పాపా. ముందు వాని బయం తియ్యల్ల," అన్నాడు.

ఇదంతా నాకు కథగా తెలిసినంత కాలం బాగానే ఉంది. ఆంధ్ర విడిపోయిన మూడో ఏడు అది మా ఇంటికే వచ్చింది.

మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. ఇరవయ్యో రోజు నుంచి అక్కకు నిద్ర కరువైంది. ముందు మేము పట్టించుకోలేదు, బాలింతకు నిద్రెక్కడిది అనుకున్నాం. తరువాత, "ఇది నా బిడ్డ కాదు, మార్చినారు," అనడం మొదలుపెట్టింది. ఒకనాడు బిడ్డను చంకనేసుకుని బావి వైపు నడుస్తుంటే నీళ్లకొచ్చిన ఆడవాళ్లు ఆపారు. నాయన తాయెత్తు కట్టించాడు, మూడు శుక్రవారాలు దర్గాలో పడుకోబెట్టాడు. వేపమండలతో కొట్టిన చోట వాతలు తేలాయి గానీ జబ్బు కదల్లేదు. చివరకు ఒక మిట్టమధ్యాహ్నం మా కొట్టు వెనక చెనక్కాయ కట్టె వామికి, ఆ ఎండు తీగల కుప్పకు, నిప్పు పెట్టింది. బజారంతా బిందెలతో పరుగెత్తి ఆర్పింది. ఆర్పిన వెంటనే, "రేపు మా కొట్లకి పెట్టదని ఏం నమ్మకమప్పా?" అని స్టేషనుకు పోయింది. వాళ్లను తప్పు పట్టలేను. వాళ్ల సరుకూ నిప్పురవ్వ పడితే అంటుకునేదే.

అక్క రోకలి పట్టుకుని వాకిట్లో నిలబడింది. దగ్గరకు ఎవరొచ్చినా తల పగిలేదే. ఇద్దరు కానిస్టేబుళ్లు తాళ్లు పట్టుకుని వీధి మొదట్లో ఆగిపోయారు. మామ ఒక్కడే వచ్చాడు, బూట్లు లేవు, టోపీ లేదు. వాకిట్లో నాలుగు బారల దూరంలో నేల మీద చతికిలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అబ్బా, ఏం ఎండమ్మా ఇది. గొంతు ఎండకపాయ. రవ్వంత మజ్జిగుంటే పోచ్చావా?" అన్నాడు.

అక్క ఆయన్ను చూసింది. రోకలిని చూసుకుంది. దాన్ని గోడకు ఆనించి లోపలికి పోయింది. చెంబుతో మజ్జిగ తెచ్చి, ఉప్పు వేశానో లేదో అని చిటికెడు మళ్లీ వేసి ఇచ్చింది. నెలరోజులుగా కన్నబిడ్డను గుర్తుపట్టని మనిషి, ఇంటికొచ్చి దాహమన్నవాణ్ణి గుర్తుపట్టింది. మామ చెంబెడూ తాగాడు. "సల్లగుండు తల్లీ. రా, మా ఇంటామె నిన్ను సూడల్లంటాంది," అన్నాడు. అక్క ఆయన వెనకే వీధి దాటింది. ఒక్క చెయ్యి ఆమె మీద పడలేదు.

కానీ పోయింది లాకప్పుకే. తలుపు మూసిన చప్పుడు మా కొట్టు దాకా వినిపించింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, టీచరు ట్రైనింగు ముగించి ఆర్డరు కోసం చూస్తున్నాను. లోకంలో న్యాయమంతా నాకే తెలుసనుకునే వయసు. స్టేషను మెట్ల మీద నిలబడి ఆయన మీద అరిచాను. "మజ్జిగ తాగిన నోటితోనే తాళమెయ్యమంటివే మామా! నీ కన్నబిడ్డైతే ఇట్ల పెడతావా?"

ఆయన కోప్పడలేదు. "నా కన్నబిడ్డైనా ఈడనే పెట్టల్ల పాపా," అన్నాడు. "ఇంకొక తావు యాడుండాదో నువ్వు సూపిచ్చు. ఈ పొద్దే తాళం తీచ్చా."

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పటికీ లేదు. నా కోపానికి మూలం అదే.

మరునాటి నుంచి అత్త వచ్చి ఆ ఊచల బయట కూర్చునేది. విత్తనాల కోసం చెనక్కాయలు కూలికి వొలవడం ఆమె పని. పప్పు పొరపోకుండా, చీలకుండా వొలవాలి, లేకపోతే మొలక రాదు. చాటెడు కాయలు ఊచల్లోంచి లోపలికి జారవిడిచి, "నా కంటికి ఆనడంల్యా, నువ్వు కొంచిం వొల్చియ్యి," అనేది. మొదటి వారం అక్క వాటిని గోడకేసి విసిరింది. తరువాత తొక్కింది. నేను అన్నం తీసుకుని పోయిన ఒక పూట చూస్తే, ఊచలకు అటొకరూ ఇటొకరూ కూర్చుని వొలుస్తున్నారు. అత్త పుట్టింటి ముచ్చట్లు చెబుతోంది. అక్క వినడం లేదు, కానీ వేళ్లు ఆడుతున్నాయి. ఆ గదిలో పరుపు లేదు, చాప లేదు. రాతి నేల. పచ్చి బాలింత దాని మీద పడుకుంది. ఇంట్లోంచి చాప తెస్తే పైవాళ్లు తనిఖీకి వచ్చిన రోజు తీసి పారేశారు, దాంతో ఉరేసుకోవచ్చునట. చాపతో ఉరేసుకోవడం ఎలాగో చెప్పే మనిషి మాత్రం ఎవరూ దొరకలేదు.

ఆ నెలలోనే స్టేషనుకు ఏమేం కావాలో రాసి పంపమని పైనుంచి కాగితం వచ్చింది. ఏడాదికోసారి వస్తుందట, బడ్జెట్టు కోసం. నా దస్తూరీ బాగుంటుందని మామ నా చేత రాయించాడు. రెండు చాపలు, ఒక కంబళి, నెలకోసారి డాక్టరు, ఆడవాళ్లు లోపలుంటే కాపలాకు ఒక ఆడమనిషి. ఇంతే. ఏడేళ్లుగా ఇదే రాయిస్తున్నానన్నాడు. నేను ట్రైనింగు స్కూల్లో నేర్చిన మర్యాదలన్నీ పెట్టి రాశాను. మూడు వారాలకు జవాబు మూటగా వచ్చింది. విప్పితే రెండు కొత్త తాళాలు, నూనె పూసిన గొలుసు ఒకటి.

నేను నోరు తెరిచి చూస్తుంటే మామ తాళాన్ని చేతిలో ఎగరేసి చూసుకున్నాడు. "బాగుండాది, గట్టి సరుకు," అన్నాడు. "తాళం దొంగకి పాపా. జబ్బుకి తాళమేస్తే జబ్బు లోపల పెద్దదైతాది. ఈ మాట పైనోళ్లకి ఎట్ల సెప్పేది? అడిగిన కాగితం సదివినోడు ఒకడు, మూట కట్టినోడు ఇంకొకడు." ఆయన గొంతులో కోపం నేను వినడం అదే మొదలు.

ఆసుపత్రి సంగతి అంతకన్నా ఘోరం. మద్రాసుతో కలిసి ఉన్నన్నాళ్లు ఇలాంటివాళ్లను మద్రాసుకు పంపేవాళ్లు. విడిపోయాక ఆ దారి మూసుకుపోయింది. మన రాష్ట్రపు ఆసుపత్రికి రెండు రోజుల రైలు ప్రయాణం, అక్కడున్న మంచాలు ఆ దగ్గరి జిల్లాలకే చాలవు. పక్కన మైసూరు రాష్ట్రంలో ఇంకొకటి ఉంది. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి చేరిపోవచ్చు. కానీ పరాయి రాష్ట్రం మనిషిని చేర్చుకోవాలంటే ఆ మనిషి ఖర్చు సొంత రాష్ట్రం భరిస్తానని రాసివ్వాలి. మేజిస్ట్రేటు మంచివాడు, రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ ఒకటే జవాబు, ఆ పద్దు కింద కేటాయింపు లేదని. గొలుసుకు పద్దు ఉంది, మందుకు పద్దు లేదు. మా అమ్మ ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టింది, అందులో ఏముందో చదవలేక. 

అక్క చిక్కిపోయింది. రెండో నెల వచ్చేసరికి చెనక్కాయలు వొలవడం కూడా మానేసి గోడ వైపు తిరిగి పడుకునేది. ఒక మధ్యాహ్నం మామ మా కొట్టుకు వచ్చాడు. బస్తా మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత అమ్మను పిలిచాడు.

"అమ్మా, ఈ పెద్దపాప యాడ పుట్టింది?"

"తొలి కాన్పు గదన్నా. మా యమ్మగారింట్లో," అంది అమ్మ.

"మీ యమ్మగారిది ఏ వూరు?"

అమ్మ చెప్పింది. బళ్లారి వైపు పల్లె. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆ పల్లె గీతకు అవతల, మైసూరు రాష్ట్రంలో పడింది. మేము ఈవల పడ్డాం.

మామ లేచి నిలబడ్డాడు. "అట్లయితే ఆ యమ్మ పరాయిది యెట్లయితాది? ఆ వూరి బిడ్డే," అన్నాడు. నాయన భయపడ్డాడు. "ఏమప్పా, పెండ్లయి ఈ రాష్ట్రంలో కాపరం చేస్తాండే మనిషిని ఆ వూరిదంటే ఒప్పుకుంటారా? నీ ఉద్యోగానికే ఎసరు గదా?" అన్నాడు. మామ అన్నమాట నాకు అక్షరం తప్పకుండా గుర్తుంది. "సట్టం సెడ్డది కాదన్నా. దానికి మన ఊర్ల దావ తెలీదు, అంతే. దావ తెలిసినోడు సూపియ్యల్ల."

చూపించాడు. అక్కను కన్నవాళ్లకు అప్పగించమని నాయన చేత మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టించాడు, జాగ్రత్తగా చూసుకుంటామని పూచీ రాయించాడు. తాను నాలుగు రోజులు సెలవు పెట్టి, పంచె కట్టుకుని మాతోపాటు బస్సెక్కాడు. ఆ పల్లె పటేలు ముందు, "ఈ యమ్మ ఈ మన్ను మీద పుట్టినాది, ఈ వూరి బిడ్డే," అని సాక్షి సంతకం పెట్టాడు. మెట్టినూరి పేరు ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. తొలిచూలు బిడ్డలు అమ్మమ్మ ఊళ్లోనే పుడతారని తెలిసిన పటేలు కాబట్టి, ఆయనా కాగితం మీద ముద్ర వేసి ఊరుకున్నాడు. వారం తిరక్కుండా అక్క ఆసుపత్రి మంచం మీద ఉంది. పరుపున్న మంచం.

తొమ్మిది నెలలకు తిరిగొచ్చింది. గడపలో నిలబడి, తప్పటడుగులు వేస్తున్న బిడ్డను చూసి, "దీనికి ఎవరి ముక్కు వచ్చినాది?" అని అడిగింది. అమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఈనాటి దాకా అక్కకు ఆ జబ్బు మళ్లీ రాలేదు. పామిడి దగ్గర మెట్టినింట్లో సంసారం చేసుకుంటోంది. ఆ పిల్ల ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది.

ఇక మామకు దక్కింది చెబుతాను. బజారులో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణ జరిగింది. ప్రజల భద్రతకు ముప్పు తెచ్చే మనిషిని దొంగ సాక్ష్యంతో రాష్ట్రం దాటించాడన్నది నేరం. "ప్రజల భద్రత ఎవరి బాధ్యత?" అని పైనుంచి వచ్చిన ఆఫీసరు అడిగాడట. "నాదే సార్. ఆ యమ్మ కూడా ప్రజే గదా," అన్నాడట మామ. ఆ జవాబు పొగరుగా తోచింది వాళ్లకు. హెడ్డు పదవి తీసేసి మళ్లీ మామూలు కానిస్టేబులును చేశారు.

చేతి మీది మూడు పట్టీలు ఆయనే బ్లేడుతో కుట్లు విప్పి తీసేశాడు. చొక్కా అంతా ఎండకు వెలిసిపోయి, పట్టీల కింద గుడ్డ మాత్రం కొత్తగా ఉండేది. ఆ మూడు గీతలు బజారు చివరినుంచి కూడా కనిపించేవి. కొత్త చొక్కా కుట్టిస్తానని నాయన బతిమాలాడు. "దీనికేమప్పా, ఇంకా రెండేండ్లు వొస్తాది," అని పెన్షను దాకా అదే వేసుకున్నాడు. ఊరు మాత్రం ఆయన్ను హెడ్డు అనడం మానలేదు. పెన్షనయ్యాక కూడా ఏటా బడ్జెట్టు నెలలో నాకు కార్డు రాయించేవాడు. చాపల కాగితం రాసి కొత్త హెడ్డుకు పంపమని. నేను పంపేదాన్ని. ఏమొచ్చిందని నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు.

నేను చెయ్యవలసిన పని ఒకటి చెయ్యలేదు. ఆయన్ను కిందికి దించిన రోజు, నా కలంతో నేను ఒక్క పేపరుకైనా రాసి ఉండవలసింది. అప్పటికి ఉద్యోగం కొత్త. భయపడ్డాను. భయపడినవాళ్ల దగ్గరకు టోపీ తీసి వచ్చే మనిషి కోసం నేను నా భయం తియ్యలేకపోయాను.

మంగళవారం అక్కకు మనిషిని పంపి, ఇద్దరం కలిసి బస్సెక్కాం. మేము చేరేసరికి ఆయన్ను తీసుకుపోయారు. అత్త మమ్మల్ని చెరొక పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడవలేదు. "అన్నం తింటిరా?" అని అడిగింది. అక్క ఆమె ఒళ్లో తల పెట్టింది.

సాయంత్రం నాలుగింటి బస్సుకు బయల్దేరాం. బస్సు ఆగేది స్టేషను ముందే. అక్కడ రంగు ఆరని కొత్త జీపు, పోయినేటి బడ్జెట్టుది కాబోలు, నిలబడి ఉంది. మేము దాని నీడలో నిలబడ్డాం. లాకప్పులోంచి సన్నగా మూలుగు వినిపించింది. ఊచల వెనక ఒక ఆడమనిషి, ముప్పై ఏళ్లుంటాయి. కాలికి గొలుసు.

అక్క నన్ను అడగలేదు. తిన్నగా మెట్లెక్కి ఊచల ముందు నేల మీద కూర్చుంది. ఒక కుర్ర కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. "దూరంగుండమ్మా, అది పిచ్చిది. కరుస్తాది."

"నాకు తెలుసులే నాయనా," అంది అక్క. "నేనూ ఈ గదిలో రెండు నెల్లుండినా."

అతను ఒకడుగు వెనక్కి వేశాడు. లోపలి మనిషి మూలుగు ఆపింది.  కొంతసేపటికి ఊచల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, తడుముకుంటూ అక్క చీర కొంగు పట్టుకుంది. మెల్లగా లోపలికి లాక్కుని పిడికిట్లో బిగించింది.

రాయదుర్గం నుంచి అనంతపురం పోయే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మా కోసం రెండుసార్లు హారను కొట్టించాడు. నేను మెట్ల కింద నిలబడి పిలిచాను. అక్క తల తిప్పి నన్ను చూసింది గానీ కొంగు లాక్కోలేదు. బస్సు వెళ్లిపోయింది.